బోర్లించి

జపాను బయ్యరు వెళ్తూ వెళ్తూ
మా మేనేజరు చేతిలో పెట్టిన గిన్నె
ఆర్నెల్లు గుండుసూదులు మోసింది.
"ఇంత దూరం తెచ్చి వంకరది ఇచ్చాడేంటి,
సెకండ్సు అనుకుంటా" అన్నారాయన,
ట్రోఫీల పక్కన దానికి చోటు లేదని తేల్చి.

నాకు గ్రేడింగు హాల్లో పన్నెండేళ్ళు.
మంచులో చెయ్యి ముంచి తీస్తే
ముప్పై కౌంటో నలభయ్యో
కంటికంటే ముందు వేళ్ళకి తెలుస్తుంది.
ఆ వేళ్ళతోనే ఒక మధ్యాహ్నం
సూదులు వంపేసి గిన్నె ఎత్తాను.
చూపు ఒక బరువు చెప్పింది,
చెయ్యి ఇంకోటి చెప్పింది.
ఇన్నేళ్ళ తూకంలో ఎప్పుడూ పడని తేడా.

ఆదివారం తువాల్లో చుట్టి
(అడిగి తీసుకోలేదు, ఆ మాట ఇక్కడే చెప్పేస్తున్నా)
భీమవరంలో పాలకొల్లు బస్సెక్కి, కాలవ గట్టు దిగి
ఇల్లింద్రపు గంగాచలం గారి సారె దగ్గరికి వెళ్ళాను.

ఆయన లోపల చూడలేదు.
ముందు బోర్లించాడు.
"అందరూ మొహం చూస్తారండి.
పాదం చూడాలి. చేసినోళ్ళు అక్కడ దొరికేస్తారు."
పూత అందని అడుగు వలయానికి
నాలుక ఆనించాడు.
"పట్టట్లేదు. రాయైపోయింది.
మనదైతే తడి పీల్చేసుకుంటుందండి."
గోటితో మీటితే కంచు పలికింది.

"ఈ పక్క కుంగింది చూశారా,
తప్పు కాదండి.
సారె మీంచి దించాక
పచ్చిమీద అరచేత్తో ఒక్క నొక్కు.
తాగేవోళ్ళ బొటనవేలికి చోటు."

అప్పుడు తిప్పి వెలుతురుకి పట్టాడు.
ఇన్నాళ్ళూ తెలుపనుకున్నాను.
వార్చిన గంజి
మీగడ కట్టబోయే ముందు ఉండే రంగు.
మందంగా చేరిన చోట నీలం,
వెన్న తీసిన పాలల్లో
ఉందో లేదో అన్నంత నీలం.
అంచు దగ్గర పూత పలచబడి
లోపలి ఇనప మట్టి పైకి తేలింది.
అడుగున సన్నటి పగుళ్ళు:
పంట తీసి ఎండగట్టిన రొయ్యల చెరువు
చారెడంత అయినట్టు.
బయట ఒక బొట్టు జారి జారి
పాదానికి వడ్లగింజ దూరంలో ఆగిపోయింది.

"ఎవరాపారు దాన్ని?"
"నిప్పేనండి.
ఇంకాస్సేపు కాలితే కింద పలకకి అంటుకుపోను.
ముందే ఆపితే బొట్టే లేదు."

"ఏం పూతండీ ఇది?"
చాలాసేపు వేలితో రాస్తూ ఊరుకున్నాడు.
"రాజమండ్రి ట్రైనింగులో ఇట్టాంటిది చూపించారు.
ఊక బూడిదండి."

ఊక బూడిద.
మిల్లు గొట్టంలోంచి రేగి
ఆరేసిన చీరల మీద వాలేది,
సైకిలు మీద పోతుంటే కళ్ళల్లో పడేది,
రోడ్డు పక్క గుట్టలు పోసినా
పట్టుకుపోయే దిక్కు లేనిది.
ఎవరో దాన్ని కడిగి, వడగట్టి, కరిగించి
మీగడ చేశారు.

"ముంచేటప్పుడు పట్టుకున్న చోటు ఇదిగో.
ఆడమనిషేనండి" అన్నాడు.
పాదం పక్కన పూత అంటని మూడు చుక్కలు.
నా వేళ్ళు పెట్టాను.
కుదిరాయి.
ఆవిడ చెయ్యి కూడా ఆ పూట
చల్లని నీళ్ళలోనే ఉండుంటుంది.

సోమవారం పొద్దున్నే
గిన్నెను టేబులు మీద బోర్లించి పెట్టేశాను.
మేనేజరు గారు తిప్పి సూదులు పోశారు.
మర్నాడు మళ్ళీ బోర్లించాను.
ఎవరని ఆయనా అడగలేదు,
నేనూ చెప్పలేదు.

పదిహేను రోజులకి గంగాచలం గారి కబురు.
మిల్లు బూడిద కలిపి ఒక ముంత ముంచి
కొబ్బరి మట్టలతో ఆవం పెట్టాడట.
వెళ్ళేసరికి దాని మీద
బూడిద బూడిదగానే ఉంది.
ఊదితే లేచిపోయింది.
"కరగలేదండి. మన మంట చాల్దు"
అని నవ్వి, చొక్కాకి తుడిచి ఇచ్చాడు.

ఒక పక్క కుంగింది ముంత.
నా బొటనవేలికి సరిగ్గా.

హాలు బయట, షిఫ్టు మధ్యలో
టీ అందులోనే పోయించుకుంటున్నాను.
మొదటి గుక్కలో
ఇప్పటికీ కాస్త బూడిద.